కదిరమ్మ చూసిన వైపు

పోయిన నెల ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఎడిటింగ్ నేర్చుకుంటోంది. ఇద్దరు అమ్మలు కలిసి ఒక బిడ్డను పెంచే కథతో ఏదో సీరియల్ వస్తోందట, దానికి అసిస్టెంటుగా చేరింది. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "మేడమ్, ఇలాంటి కుటుంబాన్ని మన దగ్గర ఇంతకుముందు ఎవరూ తెర మీద చూపించలేదు కదా. ఎంత చూపించాలో, ఎక్కడ కట్ చేయాలో తెలియడం లేదు" అంది.

నాకు నవ్వొచ్చింది. "తీయకపోవడం కాదు తల్లీ. తీశారు. కత్తిరించి పారేశారు. ఒక్కటి మాత్రం మిగిలింది" అన్నాను. ఆ ఒక్కదాని గురించి చెప్పమని కూర్చుంది. చెబుతూ చెబుతూ ఉంటే ఆఖరి బస్సు పోతుందని లేచింది. మిగతాది రాసిస్తానన్నాను. ఆ పిల్ల కోసం, ఆ పిల్లలాంటి వాళ్ళ కోసం రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ సన్మానంలో ఏ శాలువా కప్పారో ఇందులో ఉండదు. శాలువాలు ఎలుకలు కొట్టేశాయి.

చెత్తబుట్టలో పడిన ఇళ్ళు

నాది హిందూపురం. డెబ్బైల్లో మద్రాసు పోయి ఒక ఎడిటర్ దగ్గర చేరాను. చేరింది ఎడిటింగుకు కాదు, అతికించడానికి. ఆయన కత్తిరించిన ముక్కల్ని వరసగా అంటించడం నా పని. ఆడపిల్లల వేళ్ళు సన్నం, ఫిల్ము మీద మరకలు పడవు అని మమ్మల్ని పెట్టుకునేవాళ్ళు. తల లోపల ఏముందని ఎవరూ అడగలేదు.

మా గురువు గారు కోపిష్టి, కానీ దాచుకోకుండా నేర్పేవాడు. ఆయన చెప్పిన ఒక్క మాట మీద నా ఉద్యోగమంతా నడిచింది. "తెర మీద మనిషి పక్కకు చూశాడంటే, జనం నిన్ను ప్రశ్న అడిగినట్టు. ఏం చూస్తున్నాడు అని. తరువాతి షాట్‌లో నువ్వు జవాబు చెప్పాలి. చెప్పకపోయావో, వాళ్ళకి కుర్చీలో నల్లి కుట్టినట్టుంటుంది." చూపు, దానికి జవాబు. కుడికి చూస్తే కుడివైపున్నదే చూపించాలి. ఇంతకన్నా పెద్ద రహస్యం మా వృత్తిలో లేదు. ఉందని చెప్పేవాళ్ళను నమ్మకండి.

ఆ రోజుల్లో ఒక సినిమా మా బల్ల మీదికి వచ్చింది. పేరు అక్కర్లేదు, ఆడలేదు. ఒక నర్సు, ఒక టీచరు కలిసి దిక్కులేని బిడ్డను తెచ్చి పెంచుతారు. తానేం రాస్తున్నాడో రాసినవాడికి తెలుసని నేననుకోను. నటించిన ఇద్దరికీ మాత్రం తెలుసు. బిడ్డను మధ్యలో పడుకోబెట్టి ఇద్దరూ దుప్పటి కప్పే షాట్ ఒకటుంది. ఒకరి చేతి మీద ఇంకొకరి చెయ్యి పడుతుంది, తీసుకోవడం మరచిపోతుంది. అంటించడం ఆపేసి అలాగే చూస్తూ ఉండిపోయాను. ఇల్లంటే ఇదీ అనిపించింది. పంపిణీదారు వచ్చి చూసి, "ఇద్దరాడాళ్ళ చేతులు అంతసేపెందుకండీ, జనం నవ్వుతారు" అన్నాడు. ముక్క బుట్టలో పడింది. ఆఖరి రీల్లో బిడ్డకు డబ్బున్న నాన్న దొరికాడు, టీచరు చచ్చిపోయింది, నర్సుకు పెళ్ళయింది.

అప్పటి తెర లెక్క అదే. ఇద్దరు ఆడవాళ్ళు ఒక ఇంట్లో ఉన్నారంటే ఇద్దరూ ఒకే మగవాడి కోసం ఏడవాలి. ఇద్దరు మగవాళ్ళు ఒక బిడ్డను పెంచుతున్నారంటే పాలు పొంగబెట్టి, లంగోటా తలకు చుట్టి నవ్వించాలి. చివర్లో ఒక అమ్మ నడిచొచ్చి పొయ్యి అందుకోవాలి. ఇంతమంది పెద్దలు కూర్చుని కథ తేల్చేవాళ్ళు గానీ, ఆ బిడ్డ ఎవరివైపు చూస్తోందని ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు.

ఒక జీపు, ముగ్గురు మనుషులు

ఎనభైల్లో మద్రాసు వదిలి మన వైపు వచ్చేశాను. టీవీ పల్లెలకు కొత్తగా వస్తున్న కాలం. పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెట్టె, మిద్దె మీద ఇనప కడ్డీల ఏరియల్, పొద్దు వాలితే ఊరంతా దాని ముందు. ఆ పెట్టె కోసం పల్లెల మీద చిన్న ఫిల్ములు తీసిచ్చే యూనిట్లో ఎడిటర్‌గా చేరాను. యూనిట్ అంటే పెద్దగా ఊహించుకోకండి. డైరెక్టర్ శేషగిరిరావు గారు, కెమెరామన్ ఖాదర్ భాయ్, నేను, ఒక జీపు. మా అందరికన్నా జీపుకే పొగరెక్కువ.

శేషగిరిరావు గారిది కోస్తా. చొక్కా మడత నలగనివ్వని మనిషి. కంబదూరు ఎండలో కూడా మెడ దగ్గర బొత్తాం పెట్టుకునేవారు. ఆయనకు రెండు పట్టుదలలు. ఎడిటర్ కూడా షూటింగుకు వచ్చి దుమ్ము తినాలి. ఎవరిని తీశామో వాళ్ళ మధ్య కూర్చుని చూసేదాకా సినిమా పూర్తయినట్టు కాదు. మొదటిదానికి నేను చాలా సణిగాను. రెండోదాన్ని మొక్కుబడి అనుకున్నాను.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మా జిల్లాలో అది వార్త కాదనుకోండి. కరువులో ఒక చిన్న కుటుంబం ఎలా నెగ్గుకొస్తోందో చూపించే ఫిల్ము కావాలన్నారు పైవాళ్ళు. కుందుర్పి పల్లెలన్నీ తిరిగాం. ఏ ఇంటికి పోయినా తలుపుకు తాళం, జనం బెంగుళూరు పనులకు పోయారు. ఆఖరికి మడకశిర దాటాక, సగం తెలుగు సగం కన్నడం మాట్లాడే ఒక ఊళ్ళో దారి చూపించారు. "తిమ్మక్కోళ్ళ ఇంటికాడికి పోండప్పా. ఈ కరువులో పొయ్యి ఆరకుండా ఉండేది ఆ ఇల్లొగటే."

చిన్న మట్టి మిద్దె. ముందు ముళ్ళకంప కట్టిన దొడ్డి, దాంట్లో గొర్రెపిల్లలు. తిమ్మక్క గడపలో కూర్చుని ఉన్ని వడుకుతోంది. ముప్పై దాటిన మనిషి, ముక్కుకు కుడిపక్క పుడక, మాట్లాడే ముందు ఎదుటివాళ్ళను ఒకసారి తూకం వేసే కళ్ళు. పక్కన ఎనిమిదేళ్ళ కూతురు కదిరమ్మ. శేషగిరిరావు గారికి వెంటనే నచ్చేసింది. ఖాదర్ భాయ్ కెమెరా దించాడు.

పలకని పేరు

మధ్యాహ్నం మగవాళ్ళు నీడ చూసుకుని పడుకున్నారు. తిమ్మక్క నన్ను లోపలికి పిలిచి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. గోడకు రెండు కంబళ్ళు వేలాడుతున్నాయి.

"ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?" అన్నాను.

"ఆయమ్మ ఉండాది. గొర్లు తోలుకొని పోయినాది."

"మీ అక్కా?"

"కాదక్కా."

"ఆడబిడ్డా?"

"కాదు. ఆయమ్మ ఆయమ్మే."

"పేరేమి?"

తిమ్మక్క నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతుర్ని మోచేత్తో పొడిచి, "చెప్పు పాపా" అంది.

"మారెక్క" అంది కదిరమ్మ. "ఈయమ్మ నాకు ఇంటమ్మ. ఆయమ్మ మందమ్మ."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పాతవాళ్ళకు అర్థమై ఉంటుంది, కుర్రవాళ్ళ కోసం చెబుతున్నాను. మా పల్లెల్లో ఆ రోజుల్లో ఆడమనిషి అక్క పేరు పలుకుతుంది, స్నేహితురాలి పేరు పలుకుతుంది. కట్టుకున్నవాడి పేరు మాత్రం నోటితో పలకదు. ఎవరైనా అడిగితే పక్కవాళ్ళ చేతనో పిల్లల చేతనో చెప్పిస్తుంది. తిమ్మక్క నాకు దాచిపెట్టలేదు. ఉన్న మర్యాదలోనే ఉన్న సంగతి చెప్పేసింది.

తిమ్మక్క భర్త, పాప పొత్తిళ్ళలో ఉండగానే జ్వరంతో పోయాడు. "సుట్టాలంతా వచ్చినారు, తిన్నారు, పోయినారు" అంది. "ఆయమ్మ మా చేన్లో మంద కట్టేకి వచ్చినాది." ఎరువు కోసం గొర్రెల మందను రాత్రికి చేన్లో నిలపడం అన్నమాట. "పాప ఏడుస్తాంటే ఎత్తుకున్నాది. తెల్లారి మందనైతే ఇప్పినాది, పాపను దించలేదు. మల్ల నేను పోనియ్యలేదు."

"మళ్ళీ పెళ్ళి చేసుకోమనలేదా ఎవరూ?"

"అన్నారు. నాకు ఆయమ్మ చాలు, ఆయమ్మకు నేను చాలు. మాకిద్దరికీ పాప చాలు. ఇంగ ఏంటికక్కా?"

సంగతి నానబెట్టకుండా రాస్తాను. అది స్నేహం కాదు, అక్కచెల్లెళ్ళ మమకారం కాదు. ఆలుమగల మధ్య ఉండేదే. ఇప్పుడు దానికి పేర్లున్నాయి, సీరియళ్ళున్నాయి. అప్పుడు పేరు లేదు. ఊరికి తెలుసు, ఊరు దాని గురించి మాట్లాడదు, అంతే.

"ఒగటే భయం మాకు" అంది తిమ్మక్క. చేతిలో ఉన్ని పోగు తెగింది. మరిది ఎర్రిస్వామి పాపను తోలుకుపోతానంటున్నాడు. "మగదిక్కు లేని ఇల్లు ఇల్లే గాదంట. పాప యాడుంటే వాళ్ళ నాయన మెట్ట చేను ఆడికి పోతాది గదా, అదీ కథ. ఊరి పెద్దగౌడు ఇంగా ఎటూ చెప్పలేదు. చెనిక్కాయలు పీకినాక పంచాయితీ అన్నాడు. పాపను తోలుకొని పోతే ఆయమ్మ బతకదక్కా. నేనూ అంతే."

పొద్దు వాలుతుండగా దొడ్డిలో గొర్రెపిల్లలు ఉన్నట్టుండి అరవడం మొదలుపెట్టాయి. నాకేమీ కనబడలేదు. వాటికి తెలిసిపోయింది. కాసేపటికి గుట్ట వెనక దుమ్ము లేచింది, గంటలు వినబడ్డాయి, మంద దిగింది. తిమ్మక్క ముళ్ళకంప పక్కకు లాగింది. పిల్లలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. అంత మందలో, అంత దుమ్ములో, ఏ పిల్లా తప్పు తల్లి దగ్గరికి పోలేదు. వాటితో పాటు కదిరమ్మ పరుగెత్తింది. దుమ్ములోంచి ఒక పొడుగాటి మనిషి వచ్చింది. తల మీద కంబళి, ఒక చంకలో ఆ రోజే పుట్టిన గొర్రెపిల్ల. రెండో చంకలోకి కదిరమ్మను ఎత్తుకుంది. తిమ్మక్క ఎదురుపోయి గొర్రెపిల్లను అందుకుంది, బండ మీద కూర్చోబెట్టి కాళ్ళ మీద నీళ్ళు పోసింది, మడమలో ముల్లు తీస్తూ తిట్టింది. "చెప్పులు ఏసుకోమంటే ఏసుకోవు, ముల్లులన్నీ నీకోసమే ఉండాయి." మారెక్క నవ్వుతూ, "మెల్లగ" అంది.

నా జీవితంలో చాలా సెట్లు చూశాను, చాలా పెళ్ళిళ్ళు, పట్టాభిషేకాలు చూశాను. అంత నిండు ఇంటిని ఎక్కడా చూడలేదు. గుడిలో నిలబడ్డట్టు నిలబడిపోయాను. పక్కన ఖాదర్ భాయ్ రీలు అయిపోయిందాకా తీస్తూనే ఉన్నాడు. "మన సబ్జెక్టులో ఇది లేదు సరోజమ్మా. తియ్యకపోతే మాత్రం రేపు అల్లాకి జవాబు చెప్పుకోవాల" అన్నాడు.

తెల్ల చొక్కా

మరునాడు పొద్దున బ్యాటరీలు ఛార్జింగుకు పట్టుకుని నేను మడకశిర పోయాను. తిరిగొచ్చేసరికి ముఖ్యమైన షాట్ అయిపోయిందన్నారు. తిమ్మక్క గడపలో లేదు. కదిరమ్మ దొడ్డిలో గొర్రెపిల్లల మధ్య మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది.

"ఏమైంది పాపా?"

"ఎర్రిస్వామి చిన్నాయన మా ఇంట్లో కూసున్నాడు. తెల్లసొక్కా ఏసుకొని. నన్ను పక్కన కూసోబెట్టుకున్నాడు."

జరిగింది ఇదీ. కుటుంబమంటే తండ్రి ఉండాలి కదా అని శేషగిరిరావు గారు అనుకున్నారు. మా పనిలో ఇది మామూలే. తాత లేకపోతే పక్కింటి తాతను కూర్చోబెడతాం, ఎద్దు లేకపోతే అరువు ఎద్దును తెస్తాం. "ఎవరైనా ఒక మగమనిషి రెండు నిమిషాలు కూర్చుంటారా?" అని గుంపును అడిగారు. ఉతికిన చొక్కాతో అందరికన్నా ముందు వచ్చినవాణ్ణి కూర్చోబెట్టారు. ఊరంతా ఉండగా, ఎవణ్ణి చూసి ఆ ఇల్లు వణుకుతోందో వాణ్ణే ఏరి తెచ్చి ఆ గడపలో ఇంటిపెద్దగా కూర్చోబెట్టాం. ఆయప్ప మా ఇంటోడు గాదని తిమ్మక్క చెప్పిందట. "నటనేనమ్మా" అన్నారట ఈయన.

పరుగున పోయి శేషగిరిరావు గారికి చెప్పాను. "పిల్ల చిన్నాన్నేనా? మరీ మంచిది కదమ్మా, బయటివాడు కాదు" అన్నారు. ఆయనకు పాప గురించిన గొడవ చెప్పాను. ఊళ్ళో తగాదాలు మనకెందుకని కెమెరా సర్దించారు. అప్పటికే ఎర్రిస్వామి టీకొట్టు దగ్గర అందరికీ చెబుతున్నాడు. "సర్కారే బొమ్మ తీసినాది గదప్పా, ఈ ఇంటికి పెద్ద ఎవరని. రేపు టీవీలో వస్తాది, పెద్దగౌడే చూస్తాడు."

అతను చెప్పింది ఉత్త గొప్ప కాదు. ఆ కాలంలో పెట్టెలో కనబడిందంటే ముద్ర పడ్డట్టే.

జీపు ఎక్కబోతుంటే మారెక్క అడ్డం వచ్చింది. ఆ పొద్దు గొర్రెలను గుట్టకు తోలలేదట. షాట్ తీసినంతసేపూ కెమెరా పక్కన, కొంచెం దూరంగా మందను ఆపుకుని నిలబడి ఉందట. నాతో ఆమె మాట్లాడటం అదే మొదలు. "అక్కా, నన్ను బొమ్మలో ఎయ్యకుంటే ఏం లేదు. నా జాగాలో ఇంగొగర్ని ఎయ్యొద్దు" అంది. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, జీపు కదిలిందాకా అక్కడే ఉంది.

జవాబు లేని చూపు

తీసిన ఫిల్మంతా కడిగి రష్ ప్రింట్ వచ్చింది. బల్ల ముందు కూర్చున్నాను. శేషగిరిరావు గారు కామెంటరీ ముందే రాసుకొచ్చారు. తండ్రి నీడలో బిడ్డ, అన్న వాక్యం దగ్గర ఆ గడప షాట్ రావాలి. అదే సినిమాకు గుండెకాయ అన్నారు.

షాట్ చూశాను. ఎర్రిస్వామి గడపలో మీసం దువ్వుకుని కూర్చున్నాడు. తిమ్మక్క అతనికి ఇవతల నేల చూస్తూ ఉంది. మధ్యలో కదిరమ్మ. ఎర్రిస్వామి ఆమెకు ఎడమవైపు ఉన్నాడు. కదిరమ్మ కుడికి చూస్తోంది. ఫ్రేము దాటి, కెమెరా దాటి, కుడికి. రెండో టేకులోనూ కుడికే. ఉన్ని వడికే షాట్‌లో, సంగటి తినే షాట్‌లో, ఎక్కడ చూసినా ఆ పిల్ల ఎవరో వస్తారన్నట్టు ఒకే వైపు చూస్తోంది. గుట్ట ఆ వైపే ఉంది.

ఇక నా తిప్పలు మొదలు. ఆ చూపు తరువాత ఎర్రిస్వామి ముఖం వేశాను. పిల్ల ఒకవైపు, ఆయన ఒకవైపు, ఇద్దరూ వేరే ఊళ్ళలో కూర్చున్నట్టుంది. రాట్నం వేశాను. ఎవరైనా రాట్నాన్ని అలా చూస్తారా? గొర్రెపిల్లను వేశాను. కొంచెం నయం గానీ, కుర్చీలో నల్లి పోలేదు.

శేషగిరిరావు గారు వెనక నిలబడి, "ఫిల్ము తిరగేసి వేయమ్మా, కుడి ఎడమ అవుతుంది, సరిపోతుంది" అన్నారు. ఉన్ని వడికే షాట్‌ను తిరగేసి, దాని పక్కన ఎర్రిస్వామి ముఖం అతికించాను. పిల్ల ఎడమకు చూసింది, ఎర్రిస్వామిని చూసినట్టే ఉంది. ఆయన సంతోషపడ్డారు. నేను పడలేదు. తిమ్మక్క ముక్కుపుడక ఎడమపక్కకు వచ్చేసింది. "సార్, ఇది అనంతపురం జిల్లా. ముక్కుపుడక పక్క మారితే ఆడవాళ్ళు ఇంక సినిమా చూడరు, దాని గురించే మాట్లాడుకుంటారు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆయన భోజనానికి పోయినప్పుడు, పక్కన పడేసిన ఖాదర్ భాయ్ రీలు తీశాను. దుమ్ములోంచి మారెక్క వచ్చే షాట్. కదిరమ్మ చూపు చివర కత్తిరించి, దాన్ని అంటించి, బల్ల మీద రీలు తిప్పాను.

పిల్ల కుడికి చూసింది. దుమ్ములోంచి మారెక్క వచ్చింది.

రెండు వేర్వేరు రోజుల్లో తీసిన ముక్కలు. ఎవరూ నటించలేదు, ఎవరూ అలా చూడమని చెప్పలేదు. ఒక్క ఫ్రేము అటూ ఇటూ జరపాల్సిన పని కూడా లేదు. అంతకుముందు ఎన్నో ఏళ్ళు అతికించాను, ఆ తరువాతా ఎన్నో ఏళ్ళు అతికించాను, మళ్ళీ అంత సరిగ్గా ఏ రెండు ముక్కలూ కలవలేదు. మనం ఎంత తెలివిగా కట్ చేసినా ఒక బిడ్డకు తన ఇల్లెక్కడుందో తెలుసు, దాన్ని దాచడం మన కత్తెర వల్ల కాదు.

ఆయన కొట్టేసిన వాక్యం

శేషగిరిరావు గారు వచ్చాక చూపించాను. చూశారు. మళ్ళీ వేయమన్నారు. మెడ దగ్గర బొత్తాం తీశారు. నేను ఆయన దగ్గర పనిచేసిన కాలమంతటిలో అది చూడటం అప్పుడే.

"ఈవిడ ఎవరమ్మా?"

పేరు సంగతి చెప్పాను. తిమ్మక్క పలకలేదనీ, పాప చేత చెప్పించిందనీ. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తరువాత, "మా అమ్మ ఆసుపత్రిలో కూడా నాన్న పేరు పలకలేదమ్మా. డాక్టరు అడిగితే నా వైపు చూసింది" అన్నారు.

ఇంకోసారి బల్ల తిప్పమన్నారు. "తండ్రి ఏడని పైవాళ్ళు అడుగుతారు."

"చనిపోయాడు సార్. ఉన్నమాటే కదా."

"ఈవిడ ఎవరని అడుగుతారు."

ఆయన కామెంటరీ కాగితం ముందుకు లాక్కున్నారు. తండ్రి నీడ వాక్యం ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు, జీపులో మాకు చదివి వినిపించుకున్న వాక్యం అది. అడ్డంగా కొట్టేశారు. దాని పైన ఇంకోటి రాశారు. "అడిగినవాళ్ళకు నేను చెప్పుకుంటాను. నువ్వు ఆ గడప షాట్ తీసెయ్" అన్నారు. ఆ వాక్యాన్ని చదివే మనిషి కోసం కూడా చూడలేదు, తనే చదివారు.

నా ఉద్యోగంలో చాలామంది బాసుల్ని చూశాను. కింద వాళ్ళ వాక్యాలు కొట్టేసేవాళ్ళే అందరూ. తనకు ఇష్టమైన తన వాక్యాన్ని తనే కొట్టేసుకున్న మనిషిని ఒక్కరినే చూశాను. మీకు అలాంటివాడు దొరికితే జీతం తక్కువైనా వదలకండి. పైనుంచి ప్రశ్నలు వచ్చాయనీ, ఆయనే పోయి చెప్పుకొచ్చారనీ తరువాత ఖాదర్ భాయ్ వల్ల తెలిసింది. మాతో ఆయన ఆ ఊసెత్తలేదు.

పెట్టె ముందు ఊరు

టీవీలో వచ్చే రోజుకు ఊళ్ళో చెనిక్కాయలు పీకేశారు. పంచాయితీ దగ్గరపడింది. ఆయన నియమం ప్రకారం ముగ్గురం పోయాం. పొద్దు ఇంకా పూర్తిగా దిగలేదు. పంచాయతీ ఆఫీసు ముందు జనం. అరుగు మీద పెద్దగౌడు, ముసలాయన, తలపాగా. అరుగుకు ఆనుకుని ముందు వరసలో ఎర్రిస్వామి, అదే తెల్ల చొక్కా. ఆడవాళ్ళ మధ్యలో తిమ్మక్క, ఒళ్ళో కదిరమ్మ. మారెక్క కూర్చోలేదు. అందరికన్నా వెనక, కుడిపక్క గోడ దగ్గర కర్ర పట్టుకుని నిలబడింది. నేను పెట్టెను కాదు, పెద్దగౌడు ముఖాన్నే చూస్తున్నాను. సినిమాలు హిట్టవుతాయో లేదోనని ఎప్పుడూ అంత భయపడలేదు.

బొమ్మ వచ్చింది. మొదట ఎండిన చేను, అందరూ ఫలానావాళ్ళ చేనని పోల్చుకుని గోల చేశారు. తిమ్మక్క వడకడం వచ్చింది. నవ్వులు, చప్పట్లు. తరువాత ఆ షాట్. తెర నిండా కదిరమ్మ. మెల్లగా తల తిప్పి కుడికి చూసింది.

నా కట్ ఇంకా రాలేదు. అంతలోనే ముందు కూర్చున్న పిల్లలు వెనక్కి తిరిగారు. తరువాత ఆడవాళ్ళు. తరువాత మగవాళ్ళు. అరుగు మీద పెద్దగౌడు. ఊరు ఊరంతా టీవీని వదిలేసి, కుడిపక్క గోడ దగ్గర నిలబడ్డ మారెక్క వైపు చూసింది. ఏం చూస్తోందని ఎవరూ అడగలేదు. అందరికీ జవాబు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. మారెక్క కంబళి తల మీదికి లాక్కుంది. అప్పుడు తెర మీద దుమ్ములోంచి ఆమె వచ్చింది.

శేషగిరిరావు గారి గొంతు వినిపించింది. "ఇది తిమ్మక్క, మారెక్కల ఇల్లు. కదిరమ్మ వాళ్ళ బిడ్డ."

రెండు పేర్లూ అలా పక్కపక్కన, గట్టిగా, అంతమందిలో వినబడేసరికి తిమ్మక్క కొంగు ముఖం మీద కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. తరువాత మాటలు లేవు. మంద గంటలే.

అయిపోయాక ఎర్రిస్వామి లేచాడు. "నేను కూసున్న బొమ్మ యాడప్పా?"

ఆడవాళ్ళలోంచి ఎవరో అన్నారు. "నువ్వు కూసున్నేది పాపే చూడలేదు, మేమేంటికి చూస్తామప్పా."

పెద్దగౌడు తలపాగా సర్దుకున్నాడు. "ఇంగ పంచాయితీ ఏంటికి. పిల్ల యాడ చూస్తాందో ఊరంతా చూస్తిమి గదా. చేను పాపది, పాప ఆ ఇంటిది. పోండి, పోయి బువ్వలు తినండి" అన్నాడు. అంతే. ఆ పంచాయితీ పెట్టనే లేదు.

జనం లేచిపోతుంటే మారెక్క మెల్లగా వచ్చి మా ముందు నిలబడింది. ఏదో అడగాలని ఉంది, సిగ్గుపడుతోంది. చివరికి తిమ్మక్కే అడిగింది.

"ఆయమ్మ సరిగ్గా చూడలేదంట సారూ. అందరూ ఆయమ్మనే చూస్తాండిరి గదా, తల వంచుకున్నాది. ఆ బొమ్మ ఇంగొగసారి ఎయ్యిస్తారా?"

శేషగిరిరావు గారు ఇబ్బందిగా నా వైపు చూశారు. ఇది మన చేతిలో లేదమ్మా, ఎక్కడో దూరం నుంచి వస్తుంది, పోయింది పోయినట్టే అని నేను చెప్పాను. మారెక్క సరేనన్నట్టు తల ఊపింది.

కదిరమ్మ మా ముగ్గురినీ చూసింది. "నేను చూపిస్తా ఉండు" అంది. పరుగెత్తి అరుగు ఎక్కి, ఆగిపోయిన టీవీ పెట్టె పక్కన నిలబడింది. మొదట ఎదురుగా చూసింది. తరువాత, తెర మీద చూసినట్టే మెల్లగా తల తిప్పి, మారెక్క వైపు చూసింది.

మారెక్క కర్ర కింద పెట్టి అటు నడిచింది.